కుక్క చెప్పే కథను చదువుతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి, కడప నుండి అవ్వ ఆశీస్సులు.

ఇంటి కుక్కే కథ చెప్పే నవలను మొదలుపెట్టావనీ, కొన్ని పుటలు చదివేసరికే "కుక్క మాట్లాడడమేమిటి" అని పక్కన పెట్టేశావనీ మీ అమ్మ చెప్పింది. మన సాహిత్యానికి ఇది కొత్త కాదు తల్లీ. నన్నయ భారతం ఆదిపర్వంలో, జనమేజయుని తమ్ముళ్లు నిష్కారణంగా కొట్టారని కుక్కపిల్ల తన తల్లి సరమతో మొరపెట్టుకోగా, ఆ తల్లి నేరుగా వెళ్లి రాజునే నిలదీస్తుంది. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడి బ్రౌన్ గ్రంథాలయంలో ఆ ఘట్టం తీసి చూపిస్తాను.

ఇటువంటి నవలలో రుచి అంతా, కుక్కకు అర్థం కానిది మనకు అర్థం కావడంలోనే ఉంటుంది. ఇంటిపెద్ద నాలుగు రోజుల తరువాత తిరిగి వచ్చాడనీ, చొక్కా ఫినాయిలు వాసన కొడుతున్నదనీ, రాగిసంగటి ముద్దను సగం కూడా తినకుండా తనకే పెట్టేశాడనీ కుక్క సంబరంగా చెప్పిందనుకో. దానికి అది పండుగ. ఆ మనిషి ఆసుపత్రి నుండి వచ్చాడనీ, అన్నం సయించడం లేదనీ గ్రహించిన మనకు మాత్రం గుండె కలుక్కుమంటుంది. అటువంటి చోట పుట తిప్పేయకుండా కాసేపు ఆగు. రచయిత చెప్పకుండా విడిచిన మాటను పూరించుకునే పని చదువరిదే.

రచయిత గట్టివాడో కాదో తేల్చుకోవాలంటే కుక్క ముక్కును గమనించు. వాసనను పసిగట్టే గ్రాహకాలు మనిషికి సుమారు 60 లక్షలుంటే, కుక్కకు 20 కోట్లకు పైగా ఉంటాయని చెబుతారు. కంటికి మాత్రం నీలం, పసుపు తెలిసినట్లుగా ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. కాబట్టి కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపును చూసి మురిసిపోయే కుక్క వెనుక మనిషి దాక్కున్నట్టే. వాటి ఘాటుకు తుమ్ముతూ వీధి మలుపులోనే వెనుదిరిగేది అసలైన కుక్క. వేదాంతం చెప్పే కుక్కలంటే నాకు మొదటి నుండీ పడదు, ఆ పుటలను నీవు గబగబా దాటేసినా దోషం లేదు.

మనసుకు హాయినిచ్చే నవల అన్నంత మాత్రాన అందులో కష్టం ఉండదనుకోకు. మార్గరెట్ మార్షల్ సాండర్స్ 1893లో వెలువరించిన 'బ్యూటిఫుల్ జో'లో కథ చెప్పే కుక్క, క్రూరుడైన పాలవాడు తన చెవులు, తోక కోసిన తరువాతనే మంచి ఇంటికి చేరుతుంది. ఆ బాధను చదివినందువల్లనే ఆ ఇంటి ఆదరణ మనకు తెలిసి వస్తుంది.

ఒక్క బిగిన ముగించక, రాత్రి భోజనాలయ్యాక ఒక్కొక్క అధ్యాయం తమ్ముడికి పైకి చదివి వినిపించు. కుక్క మాటల్లోని ఆత్రం, తొందర చెవికే బాగా అందుతాయి. కుక్కల ఆయువు మనకంటే చాలా తక్కువ కనుక ముగింపు ఏమవుతుందోనన్న బెంగ నీకు తప్పదు, అయినా చివరి పుటలు ముందుగా తిరగేయవద్దు. తిరగేసినా వాడికి మాత్రం చెప్పకు.

ఇట్లు,
మీ అవ్వ