బ్యాక్టీరియా, లైటుతో క్యాన్సర్ వైద్యం హైదరాబాద్‌లో దొరుకుతుందా?

రెడ్‌హిల్స్‌లో మీ పిన్నిగారికి కీమో నడుస్తోంది, దాని బదులు ఇది చేయించవచ్చా అని అడిగారు. ఇప్పటికైతే కుదరదు. ఇదింకా చాలావరకు ఎలుకల మీద ప్రయోగాల దశలోనే ఉంది.

కణితి నడిమధ్యలో ఆక్సిజన్ తక్కువ, మందు కూడా అక్కడిదాకా సరిగ్గా చేరదు. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాకి మాత్రం అదే హాయైన చోటు. అందుకే జన్యువులు మార్చి దాని విషం తగ్గించి, ఆ బ్యాక్టీరియా ఒంటికి బంగారు నానో రేణువులు అంటిస్తారు. అది కణితిలో చేరాక బయటినుంచి 808 నానోమీటర్ల పరారుణ లేజర్ వేస్తే, రేణువులు వేడెక్కి పక్కనున్న క్యాన్సర్ కణాలు చస్తాయి.

కరెంటు పోయినప్పుడు ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి, ఎర్రగా వెలుగుతుంది. ఎరుపు, దాని పక్కనుండే పరారుణ కాంతి కండలోకి దిగుతాయి మరి. కానీ సెంటీమీటరో రెండో, అంతే! లివర్ లోపలి గడ్డకైతే లైటుని మోసుకెళ్లే సన్నని ఫైబర్ దించాల్సిందే.

పిన్నిగారి కీమో మాత్రం ఆపకండి.