విశాఖ నుంచి వెళ్లి మంచు సరస్సు మీద పెర్చ్ వేట: ఒక్కరోజులో వెళ్లిరావచ్చా?

జనవరిలో అమెరికాలోని మిన్నెసోటాలో ఉన్న మీ అబ్బాయి దగ్గరకు వెళ్తున్నామని, గడ్డకట్టిన సరస్సుకు రంధ్రం చేసి పెర్చ్ చేపలు పట్టాలని ఉందని, పొద్దున వెళ్లి చీకటిపడేలోపు తిరిగి రావాలంటే ఎలా ఏర్పాటు చేసుకోవాలని అడిగారు. నిక్షేపంగా వెళ్లిరావచ్చు. మా అమ్మాయి వాళ్లు మినియాపొలిస్‌లో ఉంటారు. అల్లుడితో కలిసి నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఒక్క చేప పడలేదు, రెండోసారి పదకొండు పడ్డాయి. ఈ రెండింటికీ మధ్య నేను మానుకున్నవన్నీ విశాఖ అలవాట్లే.

రుషికొండ రాళ్ల మీద, భీమిలిలో గోస్తని కలిసే చోట ముప్పై ఏళ్లుగా గాలం వేస్తున్నవాణ్ని. మన పద్ధతి మీకూ తెలిసే ఉంటుంది: తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, పోటు చూసుకోవడం, ఒక రాయి ఎంచుకుని కూర్చోవడం. మొదటిసారి అల్లుణ్ని కూడా నాలుగింటికే లేపాను. పాపం, మామగారి మాట కాదనలేక లేచాడు. చీకట్లో సరస్సు చేరి మూడు గంటలు వణికాం. పెర్చ్ కంటితో చూసి తినే చేప. రాత్రి అడుగున కదలకుండా పడి ఉంటుంది, పగలే మేతకు తిరుగుతుంది. సంధ్యవేళ కోసం కాచుకోవాల్సింది వాలై అనే చేపకు. అక్కడ జనవరిలో సూర్యుడు ఎనిమిదింటికి కాస్త ముందు వచ్చి, అయిదుకల్లా వెళ్లిపోతాడు. తొమ్మిదికి మంచు మీద ఉండి, నాలుగింటికి సామాను సర్దుకుంటే చాలు. అందుకే ఒక్కరోజు ప్రయాణానికి ఇంతకంటే అనువైన చేప లేదంటున్నాను.

రెండో పొరపాటు, ఒకేచోట కూర్చోవడం. పెర్చ్ గుంపుగా తిరుగుతుంది, గుంపు వెళ్లిపోయాక ఆ రంధ్రం దగ్గర ఎంత ఓపిక పట్టినా ప్రయోజనం లేదు. రెండోసారి వెళ్లినప్పుడు ముందే పదిహేను రంధ్రాలు వేసుకున్నాం. ఒక్కోదాని దగ్గర పావుగంట చూసి, కదలిక లేకపోతే పక్కదానికి వెళ్లాం. తొమ్మిదో రంధ్రంలో గుంపు దొరికింది. రంధ్రం వేసేది ఆగర్‌తో. వడ్రంగి బరమాను నడుము ఎత్తుకు పెంచినట్లు ఉంటుంది. బ్యాటరీతో తిరిగేది అద్దెకు తీసుకోండి, చేత్తో తిప్పేదైతే మన వయసుకు మూడో రంధ్రానికే భుజం పోతుంది. తవ్వాక నీటిపై తేలే మంచు తునకలను తీయడానికి అక్కడ అమ్మే సాధనం అచ్చం మన జల్లిగరిటె. మా అమ్మాయి వంటింట్లోదే పట్టుకెళ్లాం. తిరిగి ఇచ్చేటప్పుడు కాస్త మాట పడ్డాం.

చేప ఎంత లోతున ఉంటుందో తెలియాలంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అందుకే చలికాలంలో మంచు కింద నీరు 0 దగ్గర ఉంటే అడుగున 4కు దగ్గరగా, కాస్త వెచ్చగా ఉంటుంది. బురద అడుగున పురుగులూ ఉంటాయి. నడి చలికాలంలో పెర్చ్ ఎక్కువగా ఆ బురదను అంటిపెట్టుకునే తిరుగుతుంది. లోతు చూపించే యంత్రం లేకపోతే మన పడవవాళ్లలా దారానికి సీసం కట్టి వదిలి చూసుకోండి. గాలపు కర్ర రెండడుగులకు మించదు, పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. దారం సన్నగా, గాలం చిన్నగా ఉండాలి. ఎరగా వ్యాక్స్‌వర్మ్ అనే తెల్లటి పురుగు ఒకటి గుచ్చితే సరిపోతుంది. ఆ పురుగు గుచ్చిన మెరిసే చిన్న లోహపు ఎరను బురదకు తగిలేలా రెండుసార్లు దించి, కాస్త బురద లేచాక అడుగు నుంచి జానెడు పైకి తెచ్చి కదలకుండా పట్టుకోండి. ఆ బురద చూసి వస్తాయి. మన పండుగప్పలా లాక్కుపోతుందని ఎదురుచూడకండి. కర్ర కొస చీమ కుట్టినట్లు వణుకుతుంది, అంతే. మణికట్టు ఒక్కసారి పైకి ఎత్తాలి. చేపను పట్టుకునేటప్పుడు తల వైపు నుంచి వీపు ముళ్లను అణుస్తూ పట్టుకోండి, పండుగప్పను పట్టుకున్న చేతికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ముప్పై అడుగుల కంటే లోతు నుంచి లాగిన పెర్చ్‌కు లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, తిరిగి వదిలినా చాలావరకు బతకదు. అంత లోతులో చిన్నవి పడుతుంటే చోటు మార్చడం మంచిది.

ఇప్పుడు చలి సంగతి. మీ అబ్బాయి ఫోనులో 'ఈ రోజు పది డిగ్రీలే నాన్నా' అంటాడు. మా అల్లుడూ అలాగే అన్నాడు, లంబసింగి చలే కదా అనుకుని ఒక స్వెటరు, మంకీ టోపీ చాలనుకున్నాను. అక్కడ వాళ్లు చెప్పేది ఫారెన్‌హీట్. ఆ పది మన లెక్కలో మైనస్ 12. విశాఖలో జనవరి తెల్లవారుజామున 18 ఉంటేనే మఫ్లరు చుట్టుకునే మనుషులం! ఒంటికి తగిలే పొరగా నూలు బనియన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. ఉన్ని లేదా పాలియెస్టర్ లోదుస్తులు, పైన గాలి దూరని కోటు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, బిగుతుగా ఉంటే కాళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి. ఇవేవీ ఇక్కడ కొనకండి, డబ్బు దండగ. మీకు మధుమేహం ఉంటే కాలివేళ్లు చల్లబడుతున్న సంగతి తెలియకపోవచ్చు, గంటకోసారి వెచ్చటి చోట బూట్లు విప్పి చూసుకోండి.

ఆ వెచ్చటి చోటు కోసమే మొదటిసారి వెళ్లేవారు సరస్సు ఒడ్డున ఉండే రిసార్టులో రోజు అద్దెకు మంచు మీది గుడిసె తీసుకోవాలంటాను. లోపల హీటరు, ముందే తవ్విన రంధ్రాలు ఉంటాయి. మరుగుదొడ్డి సంగతి ముందే అడిగి తెలుసుకోండి, తర్వాత బాధపడి లాభం లేదు. గుడిసెను విడిదిగా వాడుకుంటూ వేట మాత్రం బయట తిరుగుతూ చేయండి. గుడిసెలో గ్యాస్ హీటరు ఉంటే గాలి ఆడే కంత మూయకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

మేం వెళ్లింది మిల్ లాక్స్ సరస్సుకు. మినియాపొలిస్‌కు ఉత్తరంగా సుమారు 160 కిలోమీటర్లు, ఇక్కడి నుంచి కాకినాడ వెళ్లినంత దూరం. పెర్చ్‌కు పేరున్న విన్నిబిగోషిష్ సరస్సు వైపు ఎవరైనా ఊరిస్తే ఒప్పుకోకండి. ఒక్కవైపే మూడు గంటలకు పైన పడుతుంది, ఆ పొట్టి పగటికి అది సరిపోదు. లైసెన్సు తప్పనిసరి. బయటి వారికి 24 గంటలకు మాత్రమే చెల్లే లైసెన్సు కూడా ఇస్తారు, మీకు అదే సరిపోతుంది. పెర్చ్ సాధారణ పరిమితి మనిషికి రోజుకు 20. కొన్ని సరస్సులకు వేరే నియమాలుంటాయి కాబట్టి వెళ్లే సరస్సు పేరుతో చూసుకోండి. మిగిలిన ఎరను సరస్సులో పారబోయడం నేరం, చెత్తబుట్టలో వేయాలి.

మంచు మందం విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మవద్దు, అల్లుడి మాట కూడా. నడిచే మనిషికి కనీసం 4 అంగుళాల స్వచ్ఛమైన, నీలిగా కనిపించే మంచు ఉండాలని అక్కడి సహజవనరుల శాఖ చెబుతుంది. తెల్లటి మంచయితే దానికి రెట్టింపు కావాలి. గునపంతో ముందు పొడుస్తూ నడవాలి, ఆగర్‌తో అక్కడక్కడా తవ్వి కొలవాలి. వాగు కలిసే చోట్లకు, వంతెనల కిందికి వెళ్లకూడదు. మెడలో మేకు దిగ్గొట్టిన పిడులు రెండు వేలాడదీసుకోండి. ఒకవేళ మంచు విరిగి పడితే వచ్చిన దిక్కుకే తిరిగి, వాటిని మంచులో గుచ్చి పాక్కుంటూ పైకి రావాలి. వచ్చాక నిలబడకుండా దొర్లుతూ దూరం జరగాలి. ఒడ్డున ఇది రెండుసార్లు సాధన చేయించాడు మా అల్లుడు. చూసినవాళ్లు నవ్వారు, నవ్వనివ్వండి.

మంచు అరుస్తుందని మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. కాళ్ల కింద నుంచి 'ధన్' మని, రేవులో ఏదో బరువు జారిపడ్డట్లు వినిపించింది. నేను గాలం వదిలేసి ఒడ్డు వైపు పరుగెత్తాను. చలి పెరిగి తగ్గేకొద్దీ మంచు కుంచించుకుని వ్యాకోచిస్తుంది, ఆ చప్పుడే అది. మందంగా ఉన్న మంచు కూడా అలా మోగుతుంది. మీరు పరుగెత్తకండి, జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది.

తిండిగా పులిహోర తీసుకెళ్లాం, మధ్యాహ్నానికి రాయిలా తయారైంది. ఫ్లాస్కులో మిరియాల రసం మాత్రం ప్రాణం పోసింది. పట్టిన చేపలను మంచు మీద వదిలేస్తే గంటలో కర్రముక్కల్లా బిగుసుకుంటాయి, ఇంటికొచ్చాక కోయడం కష్టం. మన ఫిషింగ్ హార్బరులో చేప చల్లగా ఉండాలని పెట్టెలో వేస్తారు, అక్కడ గడ్డకట్టకుండా ఉండాలని పెట్టెలో వేయాలి. పెర్చ్‌కు పొలుసులు గట్టివి, వాటితో కుస్తీ పట్టకుండా ముళ్లు తీసేటప్పుడే తోలుతో సహా ఒలిచేయండి. పులుసు పెట్టకండి, ముక్క సున్నితమైనది, విడిపోతుంది. కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం పట్టించి పలుచగా బియ్యప్పిండి అద్ది వేయించాలి. పదకొండు చేపలకు ఇరవై రెండు చిన్న ముక్కలు వచ్చాయి. మేం నలుగురం, మనవడు ఒక్కడే తొమ్మిది తిన్నాడు. 'వీటికోసమా మూడు పొరల బట్టలు వేసుకుని వెళ్లింది' అంటూనే మా ఆవిడ చివరి ముక్క తీసుకుంది.