మంచితనం ఒక్కటే చాలా, అదృష్టం కూడా కావాలా?

మంచిగా, నిండుగా బతకడానికి మంచితనం ఒక్కటే చాలా, అదృష్టమూ కలిసిరావాలా, గ్రీకులు ఏమన్నారు అని అడిగారు. వాళ్లలో వాళ్లకే కుదరలేదు. స్టోయిక్కులనే తత్త్వవేత్తలు మంచితనం ఉంటే చాలన్నారు. వాళ్లకంటే ముందు, క్రీ.పూ. 4వ శతాబ్దంలో, అరిస్టాటిల్ మాత్రం అదృష్టం పాత్రని కాదనలేదు. నేను అరిస్టాటిల్ పక్షం. అందుకు కారణం మా నాన్నగారు.

ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లు "అంతా మనసులోనే ఉందండీ" అంటుంటే నాకు ఒళ్లు మండేది. చొక్కా గుండీలకి కూడా మనిషి సాయం కావాల్సొచ్చినాయనకి ఏమీ పోలేదని ఎలా అంటాం? ఆ రోజుల్లోనే అరిస్టాటిల్ పుస్తకం నికోమాకియన్ ఎథిక్స్ చదివాను. మొదటి భాగంలో ట్రాయ్ రాజు ప్రియామ్ ప్రస్తావన వస్తుంది. వైభవంగా బతికి, ముసలితనంలో కొడుకుల్నీ రాజ్యాన్నీ పోగొట్టుకున్నవాడు. అలాంటి గతి పట్టినవాణ్ణి సుఖంగా బతికాడని ఎవరూ అనరంటాడు అరిస్టాటిల్. అక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది.

అయితే అంతటితో వదిలెయ్యడు. మంచి చెప్పులు కుట్టేవాడు ఇచ్చిన తోలుతోనే వీలైనంత మంచి జోడు కుడతాడు. మంచి మనిషీ అంతే, దొరికిన పరిస్థితిలోనే చేయగలిగినంత మంచి పని చేస్తాడు, అందుకే ఎన్ని దెబ్బలు తిన్నా దౌర్భాగ్యుడు మాత్రం కాడు అంటాడు. ఆయన దృష్టిలో సుఖమంటే మనలోని మంచి గుణాలను జీవితమంతా పనిలో పెట్టడం. నాన్న ఎడమచేత్తో రాయడం నేర్చుకుని, వీధిలో పదో తరగతి పిల్లలకి మళ్లీ జామెట్రీ చెప్పారు. గీతలు వంకర పోతుంటే పిల్లలే స్కేలు పట్టుకునేవారు. నిరూపణలో ఒక్క మెట్టు దాటేసినా ఒప్పుకునేవారు కాదు.

ఆ పుస్తకంలో మొత్తం పది భాగాలుంటే రెండింటిని (8, 9) స్నేహానికే కేటాయించాడు. మిగతావన్నీ ఉన్నా స్నేహితులు లేని బతుకు ఎవరూ కోరుకోరంటాడు. నాన్నతో పనిచేసిన సోషల్ మాస్టారొకాయన సాయంత్రాలు వచ్చి పేపరు చదివి వినిపించేవారు, ఇద్దరూ రాజకీయాల మీద గట్టిగా వాదించుకునేవారు. మందులెంత పనిచేశాయో ఆయన రాక కూడా అంత పనిచేసిందని నా నమ్మకం. అలాంటి స్నేహితుడు దొరకడం అదృష్టమే.

బానిసలకి ఈ సుఖంలో వాటా లేదన్న అరిస్టాటిల్ మాట తప్పు, దాన్ని సమర్థించను. పదో భాగంలో తత్త్వచింతనే అన్నిటికన్నా గొప్ప జీవితమంటాడు. నాన్నని చూశాక అదీ నాకు మింగుడుపడలేదు. మీరు చదివేటట్టయితే మొదటి భాగం అయ్యాక నేరుగా 8, 9 పట్టుకోండి.