పాత ఫోనోగ్రాఫ్ ప్రకటనల లాట్ కోసం అమ్మాయి చదువు డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. ఉద్యోగం చేస్తున్నాను. తొలినాటి ఫోనోగ్రాఫ్‌ల (రికార్డు చేసిన పాటలు, మాటలు వినిపించే పాత యంత్రాల) ప్రకటనలు, కేటలాగ్‌లు పన్నెండేళ్లుగా సేకరిస్తున్నాను. ఇప్పటికి 340 దాకా ఉన్నాయి. ఈ మధ్య చనిపోయిన ఒక కలెక్టర్ కుటుంబం ఆయన దగ్గరున్న సుమారు 600 కాగితాలూ ఒకే లాట్‌గా ఇస్తామంటోంది. అడుగుతున్న ధర నా ఎనిమిది నెలల జీతం. అమ్మాయి కాలేజీ చదువు కోసం వేసిన డిపాజిట్ ఉంది, అది మూడేళ్ల తర్వాత కావాలి. దాన్ని తీసి ఇది కొంటే, నేను 60కి రిటైరయ్యేనాటికి రెట్టింపు అవుతుందని నా నమ్మకం. ఈ సేకరణను రిటైర్‌మెంట్ పొదుపు కింద లెక్క వేసుకోవచ్చా? నా భార్యకు ఇది ఇష్టం లేదు. ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: ముందు సూటిగా చెప్తాను. ఆ డిపాజిట్ ముట్టుకోకండి. లాట్ మొత్తం కొనకండి. అలాగని సేకరణ మానెయ్యమని మాత్రం అనను. మీ ఫొటోలు ఒకటికి నాలుగుసార్లు చూశాను, వాటిలో కొనదగ్గవి ఉన్నాయి. వాటి సంగతికి వస్తాను.

అమ్మాయి ఫీజు కట్టాల్సిన తేదీ మనం అడిగినా మారదు. ఈ కాగితాలు కొనే మనిషి సరిగ్గా ఆ నెలలోనే దొరుకుతాడన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని పెద్దలు అన్నది ఇలాంటి వస్తువుల గురించే అనిపిస్తుంది నాకు. మూడేళ్లలో కావాల్సిన డబ్బు అడిగిన రోజు చేతికొచ్చే చోటే ఉండాలి. ఈ ఒక్క విషయంలో మీ భార్య మాటే నా మాట.

ఇక రెట్టింపు లెక్క. మీరు అమ్మేటప్పుడు వేలం సంస్థ కమీషన్ తీసుకుంటుంది. డీలర్‌కు ఇస్తే, తను మళ్లీ అమ్ముకోవాలి కాబట్టి తగ్గించే ఇస్తాడు. ఆ ఖర్చు పాతిక శాతం అనుకుందాం. ఈరోజు 100 పెట్టి కొన్నది 133కి చేరితే గాని మీ 100 మీకు తిరిగి రాదు. చేతికి 200 రావాలంటే ధర 267 కావాలి. అంటే 14 ఏళ్లపాటు, ఒక్క ఏడాది కూడా తగ్గకుండా, ఏటా 7.3 శాతం పెరుగుతూ పోవాలి. ఈలోగా వడ్డీ ఉండదు, డివిడెండ్ ఉండదు, పైగా దాచే ఖర్చు మీదే.

'వీటిని ఇక ఎవరూ ముద్రించరు కదా, ధర పెరగక ఏమవుతుంది' అని మీ ఉత్తరంలో ఒక మాట రాశారు. ఎడిసన్ కంపెనీ 1929లోనే ఇళ్లకు అమ్మే ఫోనోగ్రాఫ్‌ల వ్యాపారం ఆపేసింది. ఆ మాటకొస్తే కొత్తగా పుట్టే కాగితం లేదు, నిజమే. కానీ దశాబ్దాలుగా బీరువాల్లో ఉన్నది బయటికొస్తుంది. మీ ముందున్న లాట్ అలా వచ్చిందే. వయసు మీరిన కలెక్టర్ల ఇళ్ల నుంచి 600 చొప్పున కాగితాలు ఒకేసారి మార్కెట్‌లోకి వస్తుంటే, వాటికి తగ్గట్టు కొత్తగా కొనేవాళ్లు కూడా రావాలి. రేపు మీరు 940 కాగితాలు ఒక్కసారిగా అమ్మకానికి పెడితే మీ ధరను మీరే దించుకున్నట్టవుతుంది.

అందుకే రిటైర్‌మెంట్ లెక్కలో ఈ సేకరణ విలువ సున్నా అని రాసుకోండి. ఎప్పుడైనా మంచి ధర వస్తే అది అదనం.

సున్నా అన్నాను కదా అని అన్నీ ఒకే గాటన కట్టకండి. ఈ రంగంలో పాతదనానికీ అరుదుకూ నేరుగా లంకె లేదు. జనం ఎందుకు దాచుకున్నారు, ఎందుకు పారేశారు అన్నదే చూడాలి. మీ ఫొటోల్లో సగానికి పైగా పత్రికల్లోంచి కోసిన పేజీలే. మెక్‌క్లూర్స్, కాస్మోపాలిటన్ లాంటి అమెరికా నెలపత్రికలు భారీగా అచ్చయ్యేవి. సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ అనే వారపత్రిక అయితే 1908 ప్రాంతానికే పది లక్షల కాపీలు దాటింది. చాలామంది వాటిని బైండ్ చేయించి దాచుకున్నారు. రికార్డులు, గ్రామఫోన్ తరహా యంత్రాలు అమ్మిన విక్టర్ కంపెనీ కుక్క బొమ్మ ఉన్న పేజీలు గోడకు తగిలించుకోవాలని అందరూ అడుగుతారు, దొరకడమూ అంతే సులువు. (ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు ఆ కుక్కను మొదట గీసింది ఎడిసన్ తరహా ఫోనోగ్రాఫ్ ముందు. 1899లో ఆ ఫోనోగ్రాఫ్ మీదే దాని పోటీ యంత్రమైన గ్రామఫోన్ గీసి, బొమ్మను అమ్మాడు. ఎడిసన్ యంత్రాలను ప్రేమించే మీకు ఈ కథ తెలిసే ఉంటుంది.)

ఈ యంత్రాల కంపెనీలే నెలనెలా పంచిన కొత్త రికార్డుల జాబితా కరపత్రాల సంగతి వేరు. వచ్చే నెల కొత్తది రాగానే పాతది చెత్తబుట్టలోకి పోయేది. దుకాణం అద్దానికి అంటించిన పోస్టర్లూ అంతే. ఇంకా వెనక్కి వెళ్తే, 1888లో మొదలైన నార్త్ అమెరికన్ ఫోనోగ్రాఫ్ కంపెనీ యంత్రాలను ఆఫీసుల్లో ఉత్తరాలు డిక్టేట్ చేయడానికి అద్దెకిచ్చింది. ఆ వ్యాపారం సాగలేదు, 1894లో దివాలా తీసింది. అప్పటికి ఇళ్లలో కొనేవాళ్లు తక్కువ, అందుకే ఆ కాలపు కాగితం తక్కువ. 1896లో ఎడిసన్ నేషనల్ ఫోనోగ్రాఫ్ కంపెనీ పెట్టి ఇళ్లకు అమ్మడం మొదలుపెట్టాకే ప్రకటనల వరద వచ్చింది.

మీ ఏడో ఫొటోలో ఉన్న పేజీ ఆ వరదలోదే, ఎడిసన్ మోడళ్ల పేర్లు, ధరలు: జెమ్ 10 డాలర్లు, స్టాండర్డ్ 20, హోమ్ 30, ట్రయంఫ్ 50. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. పెట్టుబడిగా మాత్రం దాంట్లో ఏమీ లేదు. కావాలంటే అలాంటిది విడిగా ఎప్పుడైనా దొరుకుతుంది.

పదకొండో ఫొటో చూసి మాత్రం ఆగిపోయాను. దారంతో కుట్టిన సన్నటి కేటలాగ్‌లు పదకొండు, పక్కన రికార్డుల కరపత్రాల కట్ట ఒకటి. ఈ లాట్‌లో డబ్బు పెట్టదగ్గది అక్కడే ఉంది. మీకున్న 340లో లేనివి వీటిలో ఏవో చూసి, ఈ కేటలాగ్‌లూ ఆ కట్టా మాత్రమే విడిగా ఇస్తారేమో అడగండి.

డబ్బు ఇచ్చేముందు ఒక పరీక్ష. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి చూడండి. కాగితం నీలిరంగు తెల్లదనంతో మెరిస్తే అది చాలావరకు 1950 తర్వాతి కాగితమే, ఎందుకంటే మెరుపునిచ్చే ఆ రసాయనాలు కాగితంలో కలపడం ఆ ప్రాంతంలోనే మామూలైంది. మెరవకపోయినంత మాత్రాన అసలుదని తేలదు. భూతద్దంలో అక్షరాల అంచులు కూడా చూడాలి, అసలు అచ్చులో గీత పదునుగా ఉంటుంది, ఫొటో తీసి మళ్లీ అచ్చేసినదాంట్లో అలుక్కుపోయి ఉంటుంది. రీప్రింట్ వేసినవాళ్లందరూ మోసగాళ్లు కారు. పోస్టులో సరుకులు అమ్మే అమెరికా కంపెనీ సియర్స్ 1902 కేటలాగ్‌ను 1960ల చివర్లో పుస్తకంగానే బాహాటంగా మళ్లీ వేశారు. అలాంటివి లాట్‌లో కలిసిపోతే గుర్తుపట్టాల్సింది మనమే.

మూడో ఫొటోలోని మెత్తటి ప్లాస్టిక్ ఫోల్డర్లు చూసి బాధేసింది. పీవీసీ అయితే అది కాలక్రమంలో సిరాను పీల్చి కాగితానికి అంటుకుపోతుంది. రెండు పేజీల మీద సెలోటేపు మరక కూడా కనబడుతోంది. ఇవి ధర తగ్గించమని అడగడానికి న్యాయమైన కారణాలు. మీరు దాచేటప్పుడు పాలిస్టర్ కవర్లు, యాసిడ్ లేని అట్టలు వాడండి. లామినేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా? ముందు ఆరు నెలల ఖర్చులకు సరిపడా ఎమర్జెన్సీ ఫండ్ విడిగా ఉందో లేదో చూసుకోండి. ఉంటే, నెలనెలా పొదుపు పక్కన పెట్టాక మిగిలినదాంట్లోంచి సేకరణకంటూ ఒక ఖాతా తెరవండి. మీ జీతంలో నాలుగైదు శాతం వేస్తే చాలు. మీ దగ్గరున్న డూప్లికేట్లు అమ్మి వచ్చిందీ అందులోనే వేయండి. అమ్మడం ఎంత కష్టమో, ఎంత ధర పలుకుతుందో దాంతో మీకే తెలుస్తుంది.

మీ భార్య అయిష్టం గురించి ఇంకో మాట. ఆ కలెక్టర్ కుటుంబం 600 కాగితాలూ ఒకే ధరకు ఎందుకిస్తోంది? ఏది ఏమిటో వాళ్లకు తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు, గది ఖాళీ కావాలి. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చిన ఓ కుటుంబం అట్టపెట్టెల నిండా నాణేల కవర్లు తెచ్చింది. ఒక్కదాని మీదా కొన్న ధర రాసి లేదు. వాటిని విడదీయడానికి మాకు నాలుగు నెలలు పట్టింది, ఆ ఇల్లాలు ప్రతి కవరూ తెరిచినప్పుడల్లా కళ్లు తుడుచుకునేది. మీ ఇంట్లో ఆ పరిస్థితి రానివ్వకండి. ప్రతి కాగితానికీ ఫొటో, కొన్న తేదీ, ధర, కొన్నచోటు ఒక ఎక్సెల్ షీట్‌లో రాయండి. అమ్మాల్సి వస్తే ఎవరిని సంప్రదించాలో రెండు పేర్లు రాయండి. వీలునామాలో సేకరణ ప్రస్తావన పెట్టండి. ఇంటి ఇన్సూరెన్స్ ఇలాంటి వస్తువులకు వర్తిస్తుందో లేదో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఆ షీట్ మీ భార్యతో కూర్చుని తయారుచేస్తే ఇంకా మంచిది. ఎంత పెట్టారో ఆవిడకు అంకెల్లో కనబడితే సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

అమ్మేవాళ్లకు ఈ వారమే ఉత్తరం రాయండి. ఆ పదకొండు కేటలాగ్‌ల ముందు అట్టతో పాటు వెనక అట్ట ఫొటోలు కూడా పంపమనండి. దుకాణదారు రబ్బరు ముద్ర ఉంటే చాలావరకు అక్కడే ఉంటుంది.