యుద్ధంలో తిరిగిరాని ఎయిర్‌ఫోర్స్ చిన్నతాత పేరు ఎక్కడ వెతకాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు వెళ్లి తిరిగిరాని మీ చిన్నతాత పేరు ఎక్కడైనా ఉందా అని చిత్తూరు నుంచి అడిగారు. ఉండే అవకాశం గట్టిగానే ఉంది. ఆ ప్రాంతంలో చనిపోయి, సమాధి కూడా దక్కని కామన్వెల్త్ వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకం మీద చెక్కారు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. మన పేర్లను ఇంగ్లీషులో రకరకాలుగా రాసేవారు కాబట్టి ఇంటిపేరు, సర్వీస్ నంబరు అన్నీ ప్రయత్నించండి. పాత ట్రంకుపెట్టెలో టెలిగ్రామో పెన్షన్ కాగితమో ఉంటే అదే పెద్ద ఆధారం, పారేయకండి. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నవి స్వాతంత్ర్యం తర్వాతి పేర్లే.

తిథి తెలియదని బాధపడకండి. ఆయుధాల వల్ల పోయినవారికి మహాలయ పక్షంలో చతుర్దశి ఉంది. తిరుపతి కపిలతీర్థంలో తర్పణం వదలొచ్చు.