ఆడమనిషి ఒక్కతే మెస్ నడపగలదా? అమలాపురంలో మా మామ్మ నడిపింది

"ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నా వంట మెచ్చుకుంటారు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, చిన్న మెస్ పెట్టుకుందామనుకుంటున్నాను, ఆడదాన్ని ఒక్కదాన్నే నడపగలనా?" అని అడిగారు మీరు. నడపగలరండీ. కాకపోతే చుట్టాల మెప్పుని మాత్రం లెక్కలో వేసుకోకండి. తిన్నందుకు జేబులోంచి డబ్బు తీసి ఇచ్చి, మర్నాడు మళ్ళీ వచ్చినవాడి మెప్పే మెప్పు.

మా మామ్మ అమలాపురంలో గడియార స్తంభానికి కాస్త దూరంలో ముప్పై ఏళ్ళు మెస్ నడిపింది. తాతయ్యకి పక్షవాతం వచ్చి మంచం పట్టేనాటికి నలుగురు పిల్లలు, అందరిలోకి పెద్ద మా నాన్న, ఆయనకే పన్నెండేళ్ళు. మొదట ఇద్దరు బడి మాస్టర్లకి ఇంట్లో వండి క్యారేజీలు కట్టింది, తర్వాత వాళ్ళే ఇంకో నలుగుర్ని తీసుకొచ్చారు, ఆ తర్వాత మండువాలో బల్లలు వేసింది. బోర్డు లేదు. ఊరంతా మామ్మగారి మెస్ అనేవాళ్ళు. అప్పుకోసం ఒక బ్యాంకుకి వెళ్తే "మీ ఆయన్ని తీసుకురండి" అన్నారట, మంచంలో ఉన్న మనిషిని! ఇంటికొచ్చి గాజులు తాకట్టు పెట్టి రెండు పెద్ద గుండిగలు, పొట్టు పొయ్యి కొంది. ఇప్పుడు మీకా ఖర్మ లేదు, డ్వాక్రా గ్రూపులున్నాయి, చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇప్పించే ముద్ర లోను ఉంది, అందులో శిశు అనే మొదటి మెట్టు కింద 50 వేల దాకా ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి.

మా ఊళ్ళో ఎవరైనా మామ్మ గురించి మాట్లాడితే "అపర డొక్కా సీతమ్మ" అంటారు. ప్రేమతోనే అంటారు గానీ నేను ఒప్పుకోను. సీతమ్మగారు (1841–1909) లంకల గన్నవరంలో గోదావరి పాయ దాటే బాటసారులకి వేళాపాళా లేకుండా ఊరికే అన్నం పెట్టిన మహాతల్లి. ఆవిడ భర్త జోగన్నగారికి పొలాలున్నాయి, ఆ పంటంతా అన్నదానానికే పెట్టారు ఆ దంపతులు. గోదావరి పాయ మీదుగా కాలువని దాటించే గన్నవరం అక్విడెక్టుకి ఆవిడ పేరు పెట్టారు, 2024లో ఆంధ్రలో బడి భోజనాల పథకానికీ ఆవిడ పేరే పెట్టారు, పెట్టాల్సిందే. మా మామ్మ చేసింది వ్యాపారం. అన్నం అమ్మి నలుగురు పిల్లల్ని చదివించింది, ఇద్దరు కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసింది, ఎకరంన్నర కొబ్బరితోట కొంది. ఆవిడ పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళందరూ చేతి రుచి గురించే చెప్పారు, కంద బచ్చలి కూర అన్నారు, పనసపొట్టు అన్నారు. పద్దు పుస్తకం గురించి ఒక్కరూ ఎత్తలేదు. మగాడు అదే మెస్ నడిపి అదే తోట కొంటే "వ్యాపారంలో గట్టివాడు" అనేవారు కదా, ఆడమనిషికి వచ్చేసరికి అంతా చేతి చలవేనా?

వంట సగమే అని ఎందుకంటున్నానో చెప్తాను. మెస్‌లో మొదటి ఖర్చు బియ్యం. కొత్త బియ్యం బస్తా చవగ్గా వస్తుంది, వండితే ముద్దవుతుంది, ఒదగదు. పాత బియ్యం ధర ఎక్కువ, కానీ అదే సోలెడు బియ్యానికి ఎక్కువ అన్నం దిగుతుంది, పలుకులు విడివిడిగా ఉంటాయి. మామ్మ బస్తా కుట్టు విప్పించి, అడుగునుంచి గుప్పెడు తీయించి, గింజ పంటికింద కొరికి చూసేది. అయినా నమ్మకుండా ఇంటికి తెచ్చి గిన్నెడు వండి చూశాకే బేరం. బియ్యం కొట్టాయన విసుక్కునేవాడు. మీరు కూడా విసుక్కోనివ్వండి, పర్వాలేదు.

పొయ్యి సంగతి కూడా అంతే. పొట్టు పొయ్యి చూశారో లేదో, ఇనప డబ్బాలాంటిది, మధ్యలో ఒక సీసా నిలబెట్టి, కింద కన్నంలో ఇంకో సీసా దూర్చి, చుట్టూ రంపపు పొట్టు కూరి కూరి దట్టించాలి. సీసాలు మెల్లిగా తిప్పుతూ పైకి లాగితే లోపల గొట్టంలా దారి మిగులుతుంది, కింద పుల్ల అంటిస్తే గంటల తరబడి నిలకడగా మండుతుంది. పొట్టు వదులుగా దట్టిస్తే మధ్యలో కూలిపోయి పొగ కమ్మేస్తుంది. ఆ పని మామ్మ పనివాళ్ళకి వదిలేది కాదు, తెల్లారుజామున తనే దట్టించేది. పొట్టు సామిల్లు నుంచి దాదాపు ఊరికే వచ్చేది కాబట్టి కట్టెల ఖర్చు మిగిలేది. మీకిప్పుడు గ్యాసే గతి. ఇంటి సిలిండరుతో మెస్ నడపకండి, అది నేరం, 19 కిలోల కమర్షియల్ సిలిండరు ధర వేసుకునే భోజనం రేటు కట్టండి. చాలామంది కొత్తవాళ్ళు ఇక్కడే మునుగుతున్నారు.

అసలు నేను చెప్పాలనుకున్నది 1996 తుపాను సంగతి. నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద పడింది, వెయ్యిమందికి పైగా పోయారు. అప్పటికి నేను బడికెళ్ళే పిల్లాణ్ణి. ఆ రోజు మధ్యాహ్నం రేడియో విని మామ్మ భోజనాలు తొందరగా ముగించేసి, బియ్యం బస్తాలు, కందిపప్పు, చింతపండు అన్నీ పెరటి డాబా గదిలోకి మోయించి, బల్లల మీదకి ఎక్కించింది. రాత్రి పెంకులు ఎగిరిపోతుంటే మేమందరం అదే గదిలో బస్తాల మధ్య కూచున్నాం. తెల్లారి చూస్తే వీధి లేదు, కొబ్బరి చెట్లే అడ్డంగా పడున్నాయి. పొట్టంతా తడిసిపోయింది. మామ్మ పెరట్లో మూడు రాళ్ళు పెట్టించి, రాత్రి మాతోపాటు గదిలో దాచిన ఎండు కొబ్బరి డొక్కలతో మంట అంటించి గుండిగ ఎక్కించింది. అరటాకులు గాలికి పేలికలైపోయాయి, అడ్డాకు విస్తళ్ళ కట్టలు దాచి ఉంచబట్టి సరిపోయింది. పడిపోయిన అరటిచెట్ల నుంచి దూట, లేత కాయలు. పాలూ పెరుగూ లేవు. అన్నం, అరటికాయ కూర, చారు, అంతే.

జనం రావడం మొదలైంది. పైకప్పు ఎగిరిపోయిన హాస్టలు కుర్రాళ్ళు, చిక్కుపడిపోయిన లారీ డ్రైవర్లు, పల్లెల నుంచి నడిచొచ్చినవాళ్ళు. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. తడి పంచె, కాళ్ళకి బురద, మనిషిని చూస్తే కాస్త ఆస్తిపరుడే అని తెలుస్తోంది. లోపలికి రాడు, వెళ్ళడు. మా నాన్న జాలిపడి "అమ్మా, ఆయనకి ఊరికే పెట్టేద్దాం" అన్నాడు, కాస్త గట్టిగానే. ఆయన తల తిప్పుకుని కదలబోయాడు.

మామ్మ నాన్నని "నువ్వు ఊరుకోరా" అని కసిరి, పద్దు పుస్తకం తీసి ఆయన వైపు తిరిగింది. "ఏవండీ, పేరు చెప్పండి, రాసుకుంటాను. భోజనం పది రూపాయలు. కొబ్బరికాయ అమ్మినప్పుడు ఇద్దురు గాని."

"చెట్లే లేవమ్మా, ఏం కాయ అమ్ముతాను?" అన్నాడాయన.

"పడిన మొద్దులయినా అమ్ముతారుగా. పేరు చెప్పండి."

ఆయన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, తండ్రి పేరు కూడా చెప్పాడు. మామ్మ అన్నీ రాసింది. అప్పుడు లోపలికొచ్చి, కాళ్ళు కడుక్కుని, విస్తరి ముందు కూచుని, రెండోసారి అన్నం అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ రాత్రి లాంతరు దగ్గర నాన్న "ఇలాంటప్పుడు కూడా లెక్కలేంటమ్మా" అంటే మామ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: "ఊరికే పెడితే ఇవాళ తింటాడు, రేపు రాడు. పద్దు రాస్తే రేపూ వస్తాడు, పెళ్ళాం పిల్లల్నీ తీసుకొస్తాడు." మర్నాడు ఆయన నిజంగానే ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చాడు.

నష్టం రాసుకోవడానికి వచ్చిన ఆఫీసర్లూ మా దగ్గరే తిన్నారు. రేటు అదే పది రూపాయలు, వాళ్ళ దగ్గర మాత్రం ముందే రొక్కం తీసుకుంది, జీతాలూ భత్యాలూ ఉన్నవాళ్ళు ఇవ్వాళే ఇవ్వగలరు కాబట్టి. ఆ రొక్కంతోనే కిరసనాయిలు, ఉప్పు కొన్నారు. లేనివాడికి అప్పు, ఉన్నవాడికి రొక్కం, ఇద్దరికీ ఒకటే విస్తరి. తుపాను పద్దుల్లో చాలావరకు తర్వాత వసూలయ్యాయి, రాని వాటి కోసం మామ్మ ఎవరి ఇంటికీ మనిషిని పంపలేదు. ఆ మరుసటేడు ఉగాదికి కొత్త పుస్తకం తెరిచేటప్పుడు మిగిలిన పేర్ల మీద అడ్డగీత కొట్టేసింది. మళ్ళీ చెట్టు నాటి కాపుకి ఏళ్ళ తరబడి ఆగాల్సిన కొబ్బరి రైతుని ఎప్పుడు అడగాలో, ఎప్పుడు వదిలెయ్యాలో తెలియడం కూడా వ్యాపారమే.

ఇంకొక్కటి చెప్పాలి, ఇది మీ ప్రశ్నలో లేదు గానీ మీ ఇంట్లో రాబోయేదే. మామ్మ మా అమ్మకీ, పచ్చళ్ళు నూరే మా అత్తయ్యకీ నెలనెలా జీతం ఇచ్చేది. కోడలికి జీతమేంటని చుట్టాలు నవ్వారు, తాతయ్య కూడా గొణిగాడట. ఆవిడ వినలేదు. ఇద్దరి పేరునా పోస్టాఫీసులో ఆర్డీలు కట్టించింది, మా అక్క పెళ్ళికి ఆ డబ్బే అక్కరకొచ్చింది. ఈమధ్య ఇంటి భోజనం అమ్ముతూ నెలకింత లాభం అని వీడియోలు పెట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. తల్లీ కూతుళ్ళూ పొద్దున్నించి రాత్రిదాకా చేసే చాకిరీకి సున్నా వేసుకుని, మిగిలిందంతా లాభం అంటారు. ఆ లెక్క చూసి మీరు మోసపోకండి, మీకు మీరు జీతం వేసుకోండి, సాయం చేసే కోడలుంటే ఆ అమ్మాయికీ వెయ్యండి, అది పోగా మిగిలితేనే లాభం.

మొదట ఇరవైమందికి మించి వండకండి, నెల కార్డులవాళ్ళని చూసుకోండి, వాళ్ళ డబ్బు ముందే చేతికొస్తుంది కాబట్టి సరుకులకి అప్పు చెయ్యక్కర్లేదు. డెలివరీ యాప్‌ల జోలికి ఇప్పుడే పోవద్దు, కమిషన్ పోను ఏం మిగలదు. మీది ఏ ఊరో, దగ్గర్లో కాలేజీలున్నాయా, కోర్టు, ఆసుపత్రి ఏమైనా ఉన్నాయా కింద రాయండి, భోజనం రేటు ఎంత పెడితే గిట్టుతుందో కూచుని లెక్కేసి చెప్తాను.