ఏడు సీట్లున్నా ఆరుగురు పడతారా?

ప్రశ్న: నేను, నా భార్య, తొమ్మిదేళ్ల బాబు, రెండేళ్ల పాప, డెబ్బై దాటిన అమ్మానాన్నలు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చిన్న సైజు ఏడు సీట్ల కారు కొందామనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?

జవాబు: షోరూమ్‌కు ఆరుగురూ వెళ్లండి. పాప చైల్డ్ సీటునూ పట్టుకెళ్లండి. డ్రైవింగ్ సీటును మీకు కుదిరినట్టు సర్దుకుని, ఇక దాన్ని కదపకుండా మిగతావాళ్లను కూర్చోబెట్టండి.

ఇలాంటి కార్లలో అసలు చిక్కు మూడో వరుసకు దారి. రెండో వరుస సీటు మడిస్తేనే వెనక్కి వెళ్లగలరు. దానికి చైల్డ్ సీటు బిగించి ఉంటే మడవడం కుదరదు. చైల్డ్ సీటును కారు సీటుకు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సాధారణంగా రెండో వరుసలో కిటికీ పక్క సీట్లకే ఉంటాయి కాబట్టి పాప సీటుతో ఒకవైపు దారి మూసుకుపోయినట్టే. రెండో వైపు నాన్నగారు కూర్చుంటే, బాబు ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ ఆయన లేవాలి. అందుకే మీ ఇంటికి మధ్య వరుసలో విడివిడిగా రెండు కెప్టెన్ సీట్లున్న ఆరు సీట్ల మోడలే నయం. మధ్య సందులోంచి మీ భార్య, బాబు వెనక్కి వెళ్లిపోతారు. మధ్యలో పాప, నాన్నగారు. ముందు సీటు అమ్మగారికి.

ఆ ముందు సీటు ఎత్తు తప్పకుండా చూడండి. అమ్మగారు డోరు పక్కన నిలబడితే సీటు అంచు ఆవిడ తొడ మధ్యకు రావాలి. మోకాలి దాకానే ఉంటే కూలబడాలి, లేవడం కష్టం. నడుము దాకా ఉంటే కాలెత్తి ఎక్కాలి. చైల్డ్ సీటు వెనక్కి తిరిగి ఉండే రకమైతే దాని ముందున్న సీటును ముందుకు జరపాల్సి రావచ్చు. అప్పుడు ఆవిడ మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగులుతున్నాయేమో చూడండి.

ఇక సామాను. మూడో వరుస లేపి ఉంచితే డిక్కీలో మిగిలేది కాస్త చోటే. మీ పెద్ద సూట్‌కేసు పెట్టి, తలుపు మూసి చూడండి. బరువుకూ హద్దుంది. కారు ఖాళీ బరువు 1,250 కిలోలు, మొత్తం అనుమతించిన బరువు 1,750 అయితే మనుషులకూ సామానుకూ కలిపి 500 కిలోలే. క్యారియర్ మీద కట్టేదీ ఈ లెక్కలోకే వస్తుంది.

టెస్ట్ డ్రైవ్ కూడా అందరితోనే, ఏసీ వేసి. ఎత్తు ఎక్కించండి, స్పీడ్ బ్రేకర్ దాటించండి. ఒక్కరే నడిపితే హుషారుగా లాగే చిన్న ఇంజిన్ ఆరుగురితో ఆయాసపడుతుంది. వెనక సస్పెన్షన్ కుంగి కారు అడుగుభాగం నేలకు రాసుకుంటే అదీ అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: ఆఫీసు 5 కిలోమీటర్లు. మైలేజీ కోసం డీజిల్ తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇప్పటి డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ గొట్టం బాగా వేడెక్కాలి. హైవే మీద ఒకే వేగంతో 15–20 నిమిషాలు నడిస్తే ఆ పని జరుగుతుంది. 5 కిలోమీటర్లకే ఇంజిన్ ఆపేస్తుంటే సగంలో ఆగిపోయి ఫిల్టర్ పూడుతుంది. పైగా మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచబరుస్తుంది. పెట్రోల్ గానీ హైబ్రిడ్ గానీ తీసుకోండి. ఇంట్లో ఛార్జింగ్ వీలుంటే ఎలక్ట్రిక్ ఇంకా మేలు.

ప్రశ్న: సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కు వెళ్లాలా?

జవాబు: ముందు ఈఎస్‌సీ (కారు జారి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు), కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (పక్క కిటికీల వెంట తెరుచుకునేవి), ప్రతి సీటుకూ మూడు పాయింట్ల బెల్టు, హెడ్‌రెస్ట్ ఉన్నాయా చూడండి. ఇవి పై వేరియంట్‌లోనే ఉంటే నిస్సందేహంగా వెళ్లండి. సన్‌రూఫ్ ఒక్కదాని కోసమైతే అనవసరం. దాని చట్రం వల్ల చాలా కార్లలో తల పైన చోటు తగ్గుతుంది, పొడగరులు వెనక కూర్చుంటే తల తగలొచ్చు.